రెండు ఖాళీ వరుసలు

మా నాన్నకి మతిమరుపు వచ్చిందని మా వీధిలో అందరికీ తెలుసు. రాలేదని తెలిసినవాళ్ళం ముగ్గురమే: ఆయన, మా మేనత్త, నేను. ఆ మతిమరుపు ఒక వానాకాలంలో, మునిసిపల్ కౌన్సిల్ హాల్లో, పట్టపగలు పన్నెండు గంటల పది నిమిషాలకి వచ్చింది. అంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, అప్పుడు గడియారం చూస్తూ గంట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నది నేనే.

నాన్న బోర్డులు రాసే పెయింటరు. మందుల షాపు, కుట్టు మిషన్ల షాపు, బడి గేటు, డాక్టరు గారి గుమ్మం, మా పేటలో ఎటు చూసినా ఆయన అక్షరాలే. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. అందరూ పలక మీద దిద్దితే నేను పాత రేకు మీద కుంచెతో దిద్దాను. "అక్షరం నిలబడాలి అమ్మడూ, తాగొచ్చినోడిలా ఊగకూడదు" అనేవాడు. ఆ చేతిరాత చూసే మునిసిపల్ ఆఫీసులో నన్ను టెంపరరీ గుమాస్తాగా తీసుకున్నారు. ఆఫీసులో కంప్యూటర్లు ఉన్నా, కౌన్సిల్ సమావేశాల మినిట్స్ పుస్తకం మాత్రం చేత్తోనే రాయాలి, చైర్మన్ గారు కింద సంతకం పెట్టాలి. అందులో ఉన్నదే జరిగింది, లేనిది జరగలేదు. ఆ పుస్తకానికున్న గౌరవం అంతా ఇంతా కాదు.

నెలకోసారి సమావేశం. చివరి అరగంట ఊళ్ళో జనానికి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మూడో నిమిషం దాటితే నేను బల్ల మీద గంట కొట్టాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గంట చూసుకుని నాకు కాస్త గర్వంగానే ఉండేది, ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి ఒక కబురు తెలిసింది. మా వీధి చివర మురుగుకాలువ మీద ఇనుప కాలివంతెన ఉంది. కాలువ లోతు చేయడానికి వానలు తగ్గాక దాన్ని పీకేస్తారట. కొత్తది కట్టే మాట కాగితాల్లో ఎక్కడా లేదు. అవతలి ఒడ్డున మా మేనత్త ఒక్కతే ఉంటుంది. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి వాకిలి దాటలేదు. నాన్న రెండు పూటలా క్యారియర్ పట్టుకుని వంతెన దాటి వెళ్ళేవాడు. గుమ్మం నుంచి గుమ్మానికి నూటపది అడుగులు. వంతెన లేకపోతే పెద్ద రోడ్డు మీదుగా, లారీల మధ్యనుంచి, ముప్పావు గంట నడక. మా ఇంటికి వచ్చేయమంటే అత్త వినదు. "నీ రంగుడబ్బాల మధ్య నా కోళ్ళు ఎక్కడ పడుకుంటాయిరా?" అని ఎదురు అడిగేది.

అప్పుడు నేనే, తెలివి ఎక్కువై, ఆఫీసు బీరువాలో ఉన్న పాత నియమాల పుస్తకం తిరగేశాను. ఒక విన్నపం వరసగా మూడు సమావేశాల మినిట్స్‌లో నమోదైతే దాన్ని ఎజెండాలో పెట్టి ఓటు వేయాల్సిందే. అప్పటిదాకా ఆ నియమాన్ని ఎవరూ వాడుకున్న పాపాన పోలేదు.

"మూడుసార్లు మాట్లాడితే చాలా?" అన్నాడు నాన్న, కుంచె కడుగుతూ.

"చాలు. పుస్తకంలో ఎక్కితే చాలు."

"రాసేది నువ్వేగా! ఇంకేం, సగం పని అయిపోయినట్టే" అని నవ్వాడు. తరవాత ఆగి, "అక్క సంగతి మాత్రం అక్కడ ఎత్తను. సొంత పని కోసం వచ్చాడంటారు. బడిపిల్లల సంగతీ, ఆసుపత్రి దారి సంగతీ చెప్తాను" అన్నాడు.

మొదటి సమావేశంలో బాగానే మాట్లాడాడు. బాగానే అంటే, ఆయన పద్ధతిలో. వంతెన సంగతి చెప్పమంటే, దానికి మొట్టమొదట ఎర్ర రంగు వేసింది తనేనని, ఆ రోజు డబ్బా కాలువలో పడి నీళ్ళు ఎర్రబడితే అవతలి వాళ్ళు ఎవరో హత్య జరిగిందని పరిగెత్తుకొచ్చారని, అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. సభ్యులు నవ్వారు. చైర్మన్ గారు కూడా నవ్వి, "పెయింటర్ గారూ, బోర్డు మీద ఇంత రాయాలంటే ఎంత రేకు పడుతుందండీ?" అన్నారు. నేను గంట కొట్టాను. నాన్న ఉలిక్కిపడి, నా వైపు చూసి, బడిలో పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. "అంటే... వంతెన ఉంచండి బాబూ. అంతే" అని వచ్చి కూర్చున్నాడు.

ఆయన మా నాన్న అని అక్కడ సూపరింటెండెంట్ గారికి తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు, నాన్నా చెప్పలేదు. ఆయన చెప్పకపోవడం నా కోసం. నేను చెప్పకపోవడం కూడా నా కోసమే.

మినిట్స్‌లో రెండు వరుసలు రాశాను: కాలివంతెన తొలగించవద్దని పెయింటరు విన్నవించారు, బడిపిల్లల ఇబ్బంది ప్రస్తావించారు. మర్నాడు నాన్న పనిగట్టుకుని ఆఫీసుకొచ్చి ఆ పేజీ చూపించమన్నాడు. కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. "నిలబడ్డాయి అక్షరాలు" అన్నాడు, వంతెన నిలబడిపోయినంత సంతోషంగా.

రెండో సమావేశం రోజు ఉదయం నుంచీ ఒకటే వాన. నాన్న అత్త ఇంటి నుంచి తిన్నగా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద, చెవి మీద ఆకుపచ్చ రంగు మరక, చేతిలో ఖాళీ క్యారియర్. మైకు ముందు ఎక్కడ పెట్టాలో తెలియక క్యారియర్‌ని చంకలో ఇరికించుకున్నాడు. రెండు మాటలు మాట్లాడాడో లేదో అది జారి కింద పడింది. గిన్నెలు విడిపోయి హాలంతా దొర్లాయి. ఒక మూత తిరిగి తిరిగి, అందరూ చూస్తుండగా, చైర్మన్ గారి కుర్చీ కింద ఆగింది.

హాలు ఘొల్లుమంది. నాన్నా నవ్వేశాడు. నవ్వుతూనే వంగి, చేతులు నేలకానించి కుర్చీల మధ్య గిన్నెలు ఏరుకున్నాడు. నా పక్కన కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరండీ ఈయన? ప్రతి నెలా ఈ వినోదం ఉంటుందా?" అన్నాడు.

"మా వీధిలో ఉంటారు" అన్నాను.

అటు పక్క సూపరింటెండెంట్ గారు తలెత్తి నన్నొకసారి చూశారు. మళ్ళీ ఫైల్లోకి తల దించుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ అదేమి విచిత్రమో, ఆ సిగ్గంతా నా మీదికి రాకుండా నాన్న మీదికి కోపమై పోయింది. ఒక్కరోజు శుభ్రమైన బట్టలేసుకుని రాలేడా? క్యారియర్ బయట పెట్టి రాలేడా? మూడు నిమిషాలు కాకుండానే గంట కొట్టాను. రెండు నిమిషాల ఇరవై సెకన్లకి. అది నాకూ గడియారానికీ మాత్రమే తెలుసు.

సాయంత్రం మినిట్స్ రాయడానికి కూర్చున్నాను. ఇంజనీరు, ఇంకో ఇద్దరు అదే బల్ల దగ్గర టీ తాగుతూ ఆ మూత ఎలా తిరిగిందో చేత్తో తిప్పి చూపించుకుంటున్నారు. వాళ్ళు నా భుజం మీదుగా పేజీలోకి చూస్తున్నారు. అక్కడ 'పెయింటరు' అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రాస్తే మళ్ళీ నవ్వుతారు. 'నివాసితులు పలు సమస్యలు ప్రస్తావించారు' అని రాసి, దాని కింద రెండు వరుసలు ఖాళీగా వదిలేశాను. వీళ్ళు వెళ్ళాక రాద్దామనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట.

వాళ్ళు వెళ్ళకముందే చైర్మన్ గారు సంతకాలకి కూర్చున్నారు. మినిట్స్ పుస్తకంలో ఖాళీ జాగా ఉంచకూడదు, తరవాత ఎవరైనా ఏమైనా చేరుస్తారని. అందుకని సంతకం పెట్టేవాళ్ళు ఖాళీ మీద ఏటవాలుగా ఒక గీత కొట్టేస్తారు. చైర్మన్ గారు ఆ రెండు వరుసల మీద కొట్టారు. స్కేలు కూడా వాడలేదు. సంతకం పెట్టి, పుస్తకం మూసి, నాకిచ్చారు.

"ఒక్క నిమిషం సార్" అంటే సరిపోయేది. నేను "థాంక్యూ సార్" అన్నాను.

ఇంటికెళ్ళేసరికి నాన్న క్యారియర్ గిన్నెల సొట్టలు సుత్తితో సరిచేస్తున్నాడు. "ఎక్కిందా?" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

ఈసారి పేజీ చూడ్డానికి ఆయన ఆఫీసుకి రాలేదు. "నన్ను చూసి మళ్ళీ నవ్వుతారు, నీకెందుకు ఇబ్బంది" అన్నాడు.

ఆ నెలంతా నేను ఒకటే లెక్క వేసుకున్నాను. మూడోసారి కూడా మాట్లాడతాడు కదా, వచ్చే నెల, ఆపై నెల రాస్తే మళ్ళీ మూడవుతాయి కదా అని. వానలు ఆ పాటికి తగ్గిపోతాయని, వంతెన అంతవరకూ ఆగదని తెలిసీ అదే అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. నన్ను పర్మినెంట్ చేసే ఫైలు ఆ నెలే చైర్మన్ గారి బల్ల మీదికి వెళ్ళింది.

మూడో సమావేశానికి నాన్న వీధిలో పన్నెండు మందిని వెంటబెట్టుకొచ్చాడు. ఇస్త్రీ షాపు ఆయన షాపు మూసి వచ్చాడు. పాలావిడ వచ్చింది. బడి టీచరు సెలవు పెట్టి వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, గోళ్ళల్లో రంగు కూడా లేదు. చేతిలో క్యారియర్ లేదు. మైకు ముందు నిటారుగా నిలబడి, ఒక్క పిట్టకథ చెప్పకుండా, నిమిషంన్నరలో మాట్లాడేశాడు. "ఇది వరసగా మూడో నెల అండీ. నియమం ప్రకారం మా విన్నపాన్ని ఓటుకి పెట్టాలి. మీరందరూ పెద్దవాళ్ళు. మా మాట మన్నించండి."

నా చెయ్యి గంట మీదే ఉంది. కొట్టే పని లేకపోయింది.

చైర్మన్ గారు నియమాల పుస్తకం తెప్పించి చూశారు. చెడ్డమనిషి కాదాయన. కనుబొమ్మలెత్తి, "నిజమే. ఉంది" అన్నారు. "అమ్మాయీ, మినిట్స్ తియ్యి. చదువు."

మొదటి నెల చదివాను. వెనక వరసలో పాలావిడ, "అదీ!" అంది గట్టిగా. రెండో నెల పేజీ తిప్పాను. "నివాసితులు పలు సమస్యలు ప్రస్తావించారు" అని చదివాను. ఆ తరవాత చదవడానికి గీత తప్ప ఏమీ లేదు.

"తరవాత?"

"అంతే సార్."

చైర్మన్ గారు నుదురు రుద్దుకున్నారు. "ఆయన వచ్చినట్టే గుర్తు నాకు. ఏదో గిన్నెలు పడ్డాయి కూడా. అది పోయిన నెలా, అంతకుముందా?" అని నా వైపు తిరిగారు. "అమ్మాయీ, నువ్వు చెప్పు. రాసింది నువ్వు. పోయిన నెల ఈయన వంతెన గురించి మాట్లాడారా? రాయడం మర్చిపోయావా?"

నేను నోరు తెరిచాను. తెరిచానని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఏం చెప్పబోయానో మాత్రం ఇప్పటికీ తెలియదు. తలెత్తితే నాన్న నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. కొత్త బోర్డు కట్టాక రోడ్డుకి అవతల నిలబడి, ఎక్కడ వంకర వచ్చిందో వెతుకుతూ చూస్తాడే, అలా. వెతికింది దొరికింది కాబోలు, మైకు దగ్గరికి వంగాడు.

"నేనే రాలేదండీ పోయిన నెల" అన్నాడు. "గిన్నెలు పడింది అంతకుముందు నెల. వయసు మీద పడుతోంది కదా, ఈ మధ్య నాకు ఏదీ గుర్తుండట్లేదు. ఆ అమ్మాయి తప్పేం లేదు."

ఆ అమ్మాయి. నన్నే.

గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ నవ్వారు. మా వీధివాళ్ళు మాత్రం నవ్వలేదు. "బాగుందయ్యా! షాపు మూయించి లాక్కొచ్చావు. వచ్చావో రాలేదో అదీ గుర్తులేదా?" అని ఇస్త్రీ షాపు ఆయన పైకే అన్నాడు. చైర్మన్ గారు ఊపిరి వదిలి, "పుస్తకంలో ఉన్నదే లెక్క మరి. తరవాతి విషయం" అన్నారు. నేను పెన్ను తీసుకుని రాశాను. విన్నపం నియమానుసారం లేనందున తిరస్కరించబడింది. అక్షరాలు చక్కగా నిలబడ్డాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళడానికి ముఖం చెల్లక బజారంతా తిరిగాను. వెళ్ళేసరికి నాన్న అన్నం వండి పెట్టాడు. "నాన్నా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "ముందు తిను" అన్నాడు. తిన్నాను. మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం తిండితోపాటు లోపలికి పోయింది. వారం తిరక్కుండానే పర్మినెంట్ ఆర్డరు వచ్చింది. నాన్న దాన్ని చదివి, మడతలు చదును చేసి, తన ట్రంకుపెట్టెలో దాచాడు.

వానలు తగ్గుముఖం పట్టగానే వంతెనని రెండు రోజుల్లో పీకేశారు. నాన్న మాత్రం ఆడిన మాట మీద నిలబడ్డాడు. మతిమరుపుని వదిలిపెట్టలేదు. దారిలో ఎవరైనా, "ఏమయ్యా, ఇవాళైనా గుర్తుందా ఏ వారమో?" అని ఎగతాళి చేస్తే, "శనివారమా?" అని బుధవారం నాడు అడిగి నవ్వించేవాడు. సరదాగా మొదలైంది సరదాగా ఆగలేదు. మందుల షాపు కొత్త బోర్డు ఇంకెవరికో ఇచ్చారు. ఏటా బడిలో మొదటి మార్కులు వచ్చిన పిల్లల పేర్లు గోడ మీద రాసేది ఆయనే. ఆ ఏడు టీచరు వచ్చి, మొహమాటపడుతూ, "పేర్లు కదండీ, ఒకటి తప్పిపోయినా పిల్లలు బాధపడతారు" అంది. "అవునమ్మా, నిజమే" అన్నాడు నాన్న. ముప్ఫై ఏళ్ళ పేర్లన్నీ ఆయనకి వరసగా నోటికొచ్చు. నేను లోపలి గదిలో నిలబడి విన్నాను. వెళ్ళి ఒక్క మాట చెప్తే పోయేది. ఒక్క మాటే.

అత్తకి క్యారియర్ ఇప్పుడు ఒక పూట నేను తీసుకెళ్ళేదాన్ని, పెద్ద రోడ్డు చుట్టి. అన్నం చల్లారిపోయేది. ఒకరోజు అత్త ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది.

"ఒసేయ్, మీ నాన్నకి మతిమరుపంట కదా. పాలావిడ చెప్పింది."

"ఏదో, వయసు కదత్తా."

"వయసా? వాడికన్నా పదేళ్ళు పెద్దదాన్ని, నాకు రాలేదే! ఆ రోజు వానలో ఇక్కణ్ణుంచే వెళ్ళాడే మీటింగుకి. వెళ్ళేముందు ఇదిగో, ఈ పీట మీద నిలబడి నాకు ఆరుసార్లు వినిపించాడు. మూడు నిమిషాల్లో పడాలక్కా, లేకపోతే పిల్ల గంట కొట్టాల్సొస్తుంది, దానికి కష్టంగా ఉంటుంది అని. గడియారం పట్టుకుని కూర్చున్నది నేను. మరి వెళ్ళలేదని ఎందుకన్నాడంటావు?"

"నాకేం తెలుసత్తా" అన్నాను.

అత్త నా వైపు చాలాసేపు చూసింది. నాకు తల దువ్వి, ముక్కు తుడిచి, జ్వరమొస్తే తడిబట్ట వేసిన మనిషి. "సరేలే" అంది. "నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని మిగిలిన అన్నం తీసుకెళ్ళి కోళ్ళకి వేసింది.

పది రోజుల తరవాత ఇంటికి తాళం పెట్టి, కోళ్ళని పక్కింటావిడకి ఇచ్చేసి, ఆటోలో ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. "మీ ఇద్దరి కాళ్ళూ అరగదీయడం ఎందుకు?" అంది. ఎన్నేళ్ళు బతిమాలినా రాని మనిషి వచ్చింది. నాన్న సంతోషపడ్డాడు. నేనూ పడ్డట్టు కనిపించాను. ఉన్న రెండు గదుల్లో ముగ్గురం సర్దుకున్నాం. ఇంట్లో అన్ని మాటలూ మాట్లాడుకునేవాళ్ళం, కౌన్సిల్ మాట తప్ప.

వానలు పూర్తిగా వెనకబట్టాక, ఆఫీసు నుంచి నాన్నకి ఒక పని వచ్చింది. సూపరింటెండెంట్ గారే పంపారు. జాలిపడి పంపారో, మరెందుకు పంపారో నేను అడగలేదు. చిన్న రేకు బోర్డు. వంతెన ఉన్నచోట, అలవాటుగా వచ్చి కాలువలో పడకుండా జనాన్ని ఆపడానికి: 'ఇటు దారి లేదు. పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళగలరు.'

ఆదివారం పొద్దున్న నాన్న వాకిట్లో కూర్చుని అది రాశాడు. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలు. అంత చిన్న బోర్డుకి రెండు గంటలు తీసుకున్నాడు. అత్త గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రాయడం అయ్యాక నాన్న రేకుని గోడకి ఆనించి, వెనక్కి అడుగులు వేసి, రోడ్డు దాకా వెళ్ళి చూశాడు. తరవాత నన్ను పిలిచాడు.

"అమ్మడూ, ఒకసారి చూసిపెట్టు. తప్పులేమైనా ఉన్నాయేమో. నాకు ఈ మధ్య మతిమరుపు కదా."

వాకిట్లో బయటివాళ్ళు ఎవరూ లేరు. దెప్పిపొడుపేమోనని ఆయన ముఖం చూశాను. కాదు. నిజంగానే చూడమంటున్నాడు. అందరూ అనగా అనగా, తనూ అనగా అనగా, తన చేతి మీద తనకే నమ్మకం పోయినట్టుంది. కుంచె పట్టుకుని, నేనేమంటానో అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

అత్త చేట మీద చెయ్యి ఆపింది. తలెత్తలేదు.

నేను బోర్డు ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పోనిచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదివిందే మళ్ళీ చదివాను.

"తప్పేమీ లేదు నాన్నా" అన్నాను.

"హమ్మయ్య" అన్నాడు నాన్న.

అత్త చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.